ముక్క పరీక్ష రిపోర్టుకూ ఆపరేషన్‌కూ మధ్య

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక స్త్రీ రొమ్ములోని గడ్డ నుంచి ముక్క తీస్తారు. అది పరీక్షకు హైదరాబాదు వెళుతుంది. వారం పది రోజులకు రిపోర్టు వాట్సాప్‌లో కొడుకు ఫోన్‌కు వస్తుంది. ఆమె ఫోన్‌కు రాదు, ఎందుకంటే కౌంటర్ దగ్గర నంబరు రాయించింది కొడుకు. ఆ సాయంత్రం ఇంట్లో ముఖాలు మారిపోతాయి, పక్క గదిలో గుసగుసలు మొదలవుతాయి, ఆమెకు మాత్రం "చిన్న గడ్డే, తీసేస్తే పోతుంది" అని చెబుతారు. మా చిన్నమ్మ విషయంలో మా ఇంట్లో జరిగింది ఇదే. తనకు వచ్చింది క్యాన్సర్ అని ఆమె తెలుసుకున్నది మా నోటి వెంట కాదు, పట్నంలో ఆసుపత్రి గేటు మీది బోర్డు చదివి. ఆమె మంచి కోసమే దాచామని మేము అనుకున్నాము. నిజానికి ఆమె ప్రశ్నలు అడగవలసిన రోజులను మేము ఆమెకు లేకుండా చేశాము.

రొమ్ము క్యాన్సర్ మన దేశంలో స్త్రీలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 1,92,000 మందిలో కొత్తగా బయటపడింది. ఇంత మందికి వస్తున్నా, రిపోర్టు చేతికి వచ్చిన రోజుకూ ఆపరేషన్ బల్ల ఎక్కే రోజుకూ మధ్య ఉండే వారాల్లో ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో మన ఊళ్లలో విడమరచి చెప్పేవారు తక్కువ. ఆ వారాల్లోని భయంలో సగం జబ్బు వల్ల వచ్చేదైతే, తక్కిన సగం అన్నీ కలిసి చిక్కుపడిపోవడం వల్ల వచ్చేది.

మొదటి చిక్కు తొందర గురించి. రిపోర్టు వచ్చిన మర్నాడే ఆపరేషన్ జరగకపోతే జబ్బు ఒళ్లంతా పాకిపోతుందని ఇంట్లో వారు హడలిపోతారు. చేతికి తగిలే గడ్డ ఒక్క రాత్రిలో పుట్టింది కాదు, చాలామందిలో దానికి అప్పటికే కొన్నేళ్ల వయసు ఉంటుంది. అవసరమైన పరీక్షలు పూర్తి చేసుకుని, డాక్టరుతో కూర్చుని మాట్లాడి, రెండు మూడు వారాల్లో చికిత్స మొదలుపెట్టడం ఆలస్యం కింద లెక్క కాదు. అసలు ఆలస్యం మరొకటి ఉంది. పసరు మందు కట్టించుకుని మూడు నెలలు చూద్దామనుకోవడం, పత్తి ఏరడం అయ్యాక వెళ్దామనుకోవడం, నొప్పి లేదు కదా అని ఊరుకోవడం ప్రాణం మీదికి తెచ్చే ఆలస్యాలు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అనుకోవడం వల్లనే మన దగ్గర ఎందరో ముదిరాక వస్తున్నారు.

సూది గుచ్చితే గడ్డ చెదిరి పాకుతుందనే మాట కూడా ఊరూరా వినిపిస్తుంది. ముక్క తీయడం వల్ల జబ్బు ముదరదు. పైగా ఆ ముక్క లేకుండా ఏ మందు పని చేస్తుందో, ఏది ముందు చేయాలో ఎవరూ చెప్పలేరు. ఆ పరీక్ష చేయకుండా నేరుగా గడ్డ కోసి తీసేస్తామని ఎవరైనా అంటే, ఒక్క అడుగు వెనక్కి వేసి క్యాన్సర్ చూసే సర్జన్ దగ్గరకు వెళ్లడం మంచిది. ఏ గడ్డో తెలియకుండా ముందుగా కోసేస్తే తరువాత చేసే సరైన ఆపరేషన్ కష్టమవుతుంది.

ఇక రిపోర్టు. అందులో రెండు మాటలను మన ఇళ్లలో దాదాపు ప్రతిసారీ ఒకటే అనుకుంటారు: గ్రేడ్, స్టేజీ. గ్రేడ్ అంటే సూక్ష్మదర్శినిలో ఆ కణాలు మామూలు కణాల నుంచి ఎంత మారిపోయాయో, ఎంత వేగంగా పెరిగే స్వభావం కలవో చెప్పేది. అది 1 నుంచి 3 వరకు ఉంటుంది. స్టేజీ అంటే జబ్బు ఎంత దూరం వెళ్లిందనేది. గడ్డ కొలత, చంకలోని గ్రంథులు, మిగతా అవయవాలు చూశాక తేలే లెక్క అది, 1 నుంచి 4 వరకు ఉంటుంది. ముక్క పరీక్షలో కనిపించేది గ్రేడ్ మాత్రమే. "గ్రేడ్ 3" అని చదివి, మూడో స్టేజీ అట అని ఏడ్చిన ఇళ్లు ఎన్నో ఉంటాయి. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, చంకలో ఏమీ లేని స్త్రీకి గ్రేడ్ 3 ఉన్నా అది ఒకటో స్టేజీయే కావచ్చు.

దాని తరువాత ఉండే మూడు పేర్లు చికిత్సకు తాళం చెవుల వంటివి: ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2. మొదటి రెండూ ఆడవారి హార్మోన్లను అందుకునే గ్రాహకాలు. అవి పాజిటివ్ అంటే ఆ గడ్డ హార్మోన్ల బలంతో పెరుగుతోందని అర్థం, కాబట్టి హార్మోన్లను అడ్డుకునే బిళ్లలు పని చేస్తాయి. ఐదేళ్లు, కొందరికి పదేళ్లు రోజుకొకటి వేసుకోవాలి. నెలసరి ఇంకా వస్తున్న వారికి సాధారణంగా టమాక్సిఫెన్, ఆగిపోయిన వారికి లెట్రోజోల్ వంటివి ఇస్తారు. హెర్-2 ఒక ప్రొటీన్. అది 0 లేదా 1+ అని వస్తే నెగెటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ వస్తే తేలలేదని అర్థం, అప్పుడు ఫిష్ అనే మరో పరీక్ష అదే ముక్క మీద చేస్తారు. ఈ 2+ దగ్గర ఆగిపోయి, ఆ రెండో పరీక్ష చేయించకుండానే చికిత్స మొదలుపెట్టడం జరగకూడదు, ఎందుకంటే హెర్-2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ సుమారు ఏడాది పాటు ఇవ్వాల్సి ఉంటుంది, అది జబ్బు గతినే మార్చిన మందు. మూడూ నెగెటివ్ అయితే దానిని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. దానికి హార్మోన్ బిళ్లలు పని చేయవు, కీమోథెరపీయే ప్రధానమైన ఆధారం.

ఇక్కడే చాలా కుటుంబాలకు అనుమానం పుడుతుంది. గడ్డ తీసేయండి మహాప్రభో అని వెళితే, డాక్టరు ముందు కీమో ఇస్తామంటారు. చేయి దాటిపోయింది కాబట్టే ఆపరేషన్ చేయడం లేదని ఇంటికి వచ్చి మౌనంగా కుమిలిపోతారు. కీమో ముందు ఇవ్వడానికి కారణాలు వేరు. గడ్డ పెద్దదైతే అది చిన్నదై, రొమ్మును మిగుల్చుకునే అవకాశం రావచ్చు. హెర్-2 పాజిటివ్, ట్రిపుల్ నెగెటివ్ రకాల్లో మందు గడ్డ మీద ఎలా పని చేస్తోందో కళ్లతో చూడవచ్చు, ఆపరేషన్ తరువాత ఇంకే మందు ఇవ్వాలో దానిని బట్టి నిర్ణయించవచ్చు. కీమోతో గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో తెలియాలి కాబట్టి ముందే అక్కడ చిన్న క్లిప్పు పెడతారు. గడ్డ కరిగిపోయింది కదా, ఇక ఆపరేషన్ ఎందుకని మానేయడం మాత్రం ప్రమాదం.

పాకిందా లేదా అని చూసే స్కాన్లు అందరికీ అవసరం లేదు. గడ్డ చిన్నదై, చంక శుభ్రంగా ఉంటే డాక్టరు పెట్ స్కాన్ రాయకపోవచ్చు. అది నిర్లక్ష్యం కాదు. అయితే స్కాన్ రాసినప్పుడు నల్లగొండ జిల్లా వారు ఒక సంగతి తప్పక చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన వారి ఎముకలు మామూలు ఎముకల వంటివి కావు. ఎముకల స్కాన్‌లో ఫ్లోరోసిస్ ఉన్నవారి అస్థిపంజరం మొత్తం ఎక్కువగా వెలిగినట్టు కనిపించవచ్చు, క్యాన్సర్ ఎముకలంతటా పాకినప్పుడు కనిపించే చిత్రాన్ని అది పోలి ఉండవచ్చు. "మాది ఫ్లోరైడ్ ఊరు, నాకు ఇరవై ఏళ్లుగా నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి" అనే ఒక్క వాక్యం పట్నం డాక్టరుకు ఎంతో విలువైన సమాచారం. ఆ వాక్యం చెప్పగలిగేది ఆమే, కొడుకు ఫోన్‌లోని రిపోర్టు కాదు. లెట్రోజోల్ వంటి బిళ్లలు కీళ్ల నొప్పులు తెస్తాయి, ఎముకలను పలచబరుస్తాయి కూడా. కాబట్టి ఈ మాట తరువాత కూడా పనికివస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన ప్రశ్న: రొమ్ము మొత్తం తీసేయాలా, గడ్డ వరకే తీయాలా? 19వ శతాబ్దం చివర అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఎంత ఎక్కువ కోస్తే అంత భద్రమనే నమ్మకం దాని నుంచి వచ్చి, దాదాపు ఎనభై ఏళ్లు రాజ్యమేలింది. దానిని పరీక్షకు పెట్టినవారు అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబర్టో వెరొనేసి. ఫిషర్ బృందం 1976లో మొదలుపెట్టిన అధ్యయనంలో నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న స్త్రీలలో కొందరికి రొమ్ము మొత్తం, కొందరికి గడ్డ వరకే, కొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చి ఇరవై ఏళ్లు గమనించారు. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం మూడు గుంపుల వారూ బతికిన కాలంలో తేడా లేదు. వెరొనేసి అధ్యయనం కూడా ఆ ఏడాదే అదే మాట చెప్పింది. రొమ్ము మొత్తం తీయించుకుంటేనే బతుకుతామన్నది నిజం కాదు.

అయితే ఆ అధ్యయనంలోనే మన ఊళ్లకు బాగా పట్టే మరొక సంఖ్య ఉంది. గడ్డ వరకే తీసి రేడియేషన్ తీసుకున్నవారిలో ఇరవై ఏళ్లలో అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చింది నూటికి 14 మందికి. రేడియేషన్ తీసుకోని వారిలో నూటికి 39 మందికి. అంటే గడ్డ తీయడం, కరెంటు పెట్టించుకోవడం రెండూ కలిస్తేనే ఒక చికిత్స. రేడియేషన్‌ను మన వారు కరెంటు పెట్టడం అంటారు కానీ అది కరెంటు షాకు కాదు. ఎక్స్‌రే వంటి కిరణాలు, పెట్టే సమయంలో నొప్పి తెలియదు. వారానికి ఐదు రోజుల చొప్పున చాలామందికి మూడు వారాలు, కొందరికి ఐదు వారాలు వెళ్లాలి. ఆ యంత్రాలు ఎక్కువగా హైదరాబాదులోనే ఉన్నాయి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా పట్నం వంద కిలోమీటర్ల దూరం, అచ్చంపేట వంటి చోట్ల నుంచి ఇంకా ఎక్కువ. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడం నిజంగా పెద్ద ఊరటే, కానీ రోజూ పోయి రావడం ఒంటికి మాటలు కాదు. పట్నంలో మూడు వారాలు ఎవరింట్లో ఉండాలి, నాట్ల సమయమైతే ఇంటి దగ్గర పని ఎవరు చూస్తారు, చిన్నపిల్లలుంటే ఎక్కడ ఉంచాలి అన్నవి వైద్యానికి బయటి ప్రశ్నలు కావు. వాటికి జవాబు దొరకక, సగం రేడియేషన్‌తో ఆపేస్తే ప్రమాదం. అటువంటి ఇంట్లో ఒక స్త్రీ ఆలోచించుకుని రొమ్ము మొత్తం తీయించుకుంటానంటే అది భయంతో తీసుకున్న నిర్ణయమని తక్కువ చేయకూడదు. అదే విధంగా, మిగుల్చుకోవాలనుకునే ఆమెను ఈ వయసులో ఎందుకని గద్దించకూడదు. మొత్తం తీసినా గడ్డ చాలా పెద్దదైతేనో, చంక గ్రంథులకు చేరితేనో రేడియేషన్ అవసరం పడుతుందన్న సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోవాలి, లేకపోతే ఎంపికకు చూపిన కారణమే చేజారిపోతుంది. ఒకే రొమ్ములో వేరువేరు చోట్ల గడ్డలున్నా, రొమ్ముతో పోలిస్తే గడ్డ మరీ పెద్దదైనా, అదే వైపు అంతకుముందు రేడియేషన్ తీసుకుని ఉన్నా సాధారణంగా మొత్తం తీయడమే దారి.

చంక సంగతి కొంత. చంకలో ఏమీ తగలనప్పుడు ఇప్పుడు అన్ని గ్రంథులూ తీయడం లేదు. రొమ్ము నుంచి వచ్చే ద్రవం మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను రంగు ద్వారా గుర్తించి పరీక్షిస్తారు, వాటిలో జబ్బు లేకపోతే మిగతావి వదిలేస్తారు. నీలం రంగు వాడితే ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తుంది, భయపడనవసరం లేదు. గ్రంథులన్నీ తీయవలసి వస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి తరువాత చేయి వాచే అవకాశం ఉంటుంది. కలుపు తీసే, పత్తి ఏరే చేతులకు ఇది చిన్న విషయం కాదు. ముళ్లు గీసుకోకుండా తొడుగు వేసుకోవడం, చేయి ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు చూపించుకోవడం జీవితకాలపు జాగ్రత్తలు.

ఈ నిర్ణయాలన్నీ ఎవరివి? పాలమూరు ఊళ్లలో భర్త ముంబయిలోనో పుణెలోనో పనిలో ఉంటాడు, ఆయన వచ్చి సంతకం పెట్టేదాకా ఆపరేషన్ ఆగుతుందని వాయిదా వేసుకున్న వారి గురించి వింటుంటాము. తెలివిలో ఉన్న వయోజనురాలు తన ఒంటి మీది చికిత్సకు తానే సమ్మతి ఇవ్వాలి, ఆమె సంతకమే చెల్లుతుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీనిని స్పష్టం చేసింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో అవయవాలు తీసేసినప్పుడు, ఆ అనుమతి చెల్లదని చెప్పింది. కాబట్టి కాగితం మీద ఏం రాసి ఉందో ఆమెకు తెలుగులో చదివి వినిపించమని అడగడం ఎవరినీ అవమానించడం కాదు. జబ్బు పేరు దాచి సంతకం మాత్రం తీసుకోవడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఖర్చు విషయం త్వరగా చెప్పుకోవచ్చు. ఆరోగ్యశ్రీ 2007లో మొదట ప్రయోగాత్మకంగా వచ్చిన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రభుత్వ రంగంలో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ముందస్తు అనుమతి కావాలి, దానికి ముక్క పరీక్ష రిపోర్టు, రేషన్ కార్డు, ఆధార్ అవసరం. మూడింటి మీదా పేరు ఒకే విధంగా ఉందో లేదో ఊళ్లోనే చూసుకుని బయలుదేరితే ఒక ప్రయాణం మిగులుతుంది.

ఆపరేషన్‌కు ముందు రక్తహీనత, చక్కెర, బీపీ, థైరాయిడ్, గుండె చూస్తారు. వాడుతున్న ప్రతి బిళ్లనూ, ఆయుర్వేదం మందునూ, ఆకు పసరునూ దాచకుండా చూపించాలి. రక్తం పలచబడే బిళ్లలు, కొన్ని చక్కెర మందులు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. జర్దా, తంబాకు అలవాటుంటే ఈ వారాల్లో మానితే గాయం త్వరగా మానుతుంది. పథ్యం పేరుతో పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని మాన్పించడం మన దగ్గర గట్టి ఆచారం. కోసిన చర్మం అతుక్కోవడానికి శరీరానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పాలు, చేపలు, పల్లీలు ఏది అలవాటైతే అది కడుపునిండా పెట్టాలి.

ఆపరేషన్ గదిలోకి లోహం వెళ్లకూడదు. రక్తం ఆపడానికి వాడే విద్యుత్ పరికరం వల్ల లోహం తగిలిన చోట కాలే ప్రమాదం ఉంటుంది. గాజులు, మెట్టెలు సరే, పుస్తెల తాడు తీయమన్నప్పుడు చాలామంది అక్కడే కుప్పకూలిపోతారు. ఆ ఉదయం నర్సు తొందరపెడుతుండగా తీయడం కంటే, ముందు రోజే ఇంట్లో పెద్దవారి చేత పసుపు కొమ్ము కట్టిన దారం వేయించుకుని, దానిని ఉంచుకోవచ్చా అని అడిగి పెట్టుకుంటే మనసుకు నెమ్మదిగా ఉంటుంది. కొన్ని వారాలు చేయి పైకి లేవదు కాబట్టి ముందు హుక్కులున్న వదులు జాకెట్లు రెండు కుట్టించుకోవాలి.

మనసు గురించి చెప్పేవారు ఇంకా తక్కువ. ఏం పాపం చేశానో, పిల్లకు పాలు త్వరగా మాన్పించానేమో, అప్పుడు దెబ్బ తగిలినందుకేనేమో అని ఆమె రాత్రంతా లెక్కలు వేసుకుంటుంది. దెబ్బ వల్ల రాదు, పాపం వల్ల రాదు, అంటుకోదు. ఒకే కంచంలో తినవచ్చు, పక్కన పడుకోవచ్చు. ఆడపిల్ల పెళ్లికి అడ్డం వస్తుందని దాచే ఇళ్లలో ఒక లెక్క తెలియాలి: వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్లు నూటికి ఐదు నుంచి పది మాత్రమే. చిన్న వయసులో వచ్చినా, దగ్గరి రక్తసంబంధీకుల్లో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్లు ఉన్నా జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగాలి. నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే 14416 అనే టెలి మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఒక్కరు ఆమె ఎదురుగా కూర్చుని జబ్బు పేరును పేరుగా పలకాలి.

మెలకువ వచ్చేసరికి ఛాతీకి కట్టు, పక్కన ఒక సన్నని గొట్టానికి సీసా ఉంటాయి. లోపల ఊరే ద్రవం అందులోకి వస్తుంది: మొదట ఎర్రగా, తరువాత గులాబీగా, చివరకు గడ్డి రంగులో. రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో నోటు పుస్తకంలో రాయాలి. అది సుమారు 30 కంటే తగ్గాక, చాలామందికి ఒకటి రెండు వారాల్లో గొట్టం తీస్తారు. పై చేతి లోపలి వైపు మొద్దుబారినట్టు ఉంటుంది, అక్కడి సన్నని నరం తెగడం వల్లనో సాగడం వల్లనో జరిగేది అది. చేతిని కదిలించకుండా కట్టేసుకుంటే భుజం పట్టేస్తుంది. డాక్టరు చెప్పిన రోజు నుంచి తల దువ్వుకోవడం, గోడ మీద వేళ్లను నెమ్మదిగా పైకి పాకించడం చేయాలి.

ఆపరేషన్‌లో తీసిన గడ్డ, గ్రంథులు మళ్లీ పరీక్షకు వెళతాయి. అంచులు శుభ్రంగా ఉన్నాయా, ఎన్ని గ్రంథులు తీశారు, ఎన్నింటిలో జబ్బు ఉంది అనేవి ఆ రిపోర్టులో తేలి, కీమోనా రేడియేషనా బిళ్లలా అన్నది దాని మీద నిలబడుతుంది. డిశ్చార్జి రోజున కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు అడుగుతారు. అక్కడ ఆమె నంబరు రాయించండి.